దీపం మార్చే ముందు దారి చూడాలి

నమూనా రైలు పెట్టెలో దీపం మిణుకుమంటే చాలామంది మొదట అనుమానించేది దీపాన్నే. పైకప్పు ఊడదీస్తారు, లోపలున్న ఎల్‌ఈడీ పట్టీ పీకేస్తారు, కొత్తది అతికిస్తారు. రైలును మళ్లీ పట్టాలెక్కిస్తే కొత్త దీపమూ పాతదానిలాగే కొట్టుకుంటుంది. అప్పుడు ఒక కెపాసిటర్ తెచ్చి మధ్యలో కలుపుతారు. మిణుకు తగ్గుతుంది, పని అయిపోయిందనుకుంటారు. ఈ పద్ధతి తప్పు. దోషం ఎక్కడుందో కొలిచి తెలుసుకోకుండా వస్తువులు మార్చుకుంటూ పోవడమంటే, చేతికి అందిన పాఠాన్ని పారేసుకోవడమే. ఆ పాఠం మన బడుల్లో, కాలేజీ ప్రయోగశాలల్లో సరిగ్గా దొరకడం లేదు. అందుకే జానెడు పొడవున్న బొమ్మ పెట్టె గురించి పత్రికలో ఇంత స్థలం తీసుకోవాల్సి వస్తోంది.

నమూనా రైళ్ల లోకం మన దగ్గర చిన్నదే గానీ బయట చాలా పెద్దది. జర్మనీలో మార్క్‌లిన్, బ్రిటన్‌లో హార్న్‌బీ, జపాన్‌లో కాటో తరాలుగా ఇదే పనిలో ఉన్నాయి. ఎక్కువగా వాడే హెచ్‌ఓ కొలతలో అసలు రైలును 87 రెట్లు చిన్నది చేస్తారు. రెండు పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. మనం రోజూ ఎక్కే ఎల్‌హెచ్‌బీ పెట్టె ఈ లెక్కన 27 సెంటీమీటర్లకు వస్తుంది. హాంబర్గ్‌లో 2001లో మొదలైన మినియాటూర్ వుండర్‌లాండ్ అనే నమూనా రైళ్ల ప్రదర్శనశాలలో కొన్ని నిమిషాలకోసారి హాలు దీపాలు తగ్గించి రాత్రి తెప్పిస్తారు. అప్పుడు చూసేవాళ్ల కళ్లు వెళ్లేది కిటికీల్లో వెలుగుతో కదిలే రైళ్ల మీదికే. పుణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియానికి పిల్లల్ని తీసుకెళ్లినవాళ్లకూ ఆ ఆకర్షణ తెలుసు. వెలిగే పెట్టెల వరుసలో ఒక్క పెట్టె మిణుకుమంటే మొత్తం రైలు బొమ్మని తెలిసిపోతుంది. అందుకే అభిమానులు ఈ ఒక్క దోషం మీద అంత డబ్బు, అంత సమయం పెడతారు.

అసలు రైలులో దీపాలకు కరెంటు పట్టాల నుంచి రాదు. మన పాత ఐసీఎఫ్ పెట్టెల కింద ఇరుసుకు బెల్టు తగిలించిన ఆల్టర్నేటర్ వేలాడుతుంటుంది. రైలు కదులుతుంటే అదే 110 వోల్టుల బ్యాటరీని నింపుతుంది, ఆగినప్పుడు దీపాలు ఆ బ్యాటరీ మీద వెలుగుతాయి. ఎల్‌హెచ్‌బీ రైళ్లకు చివర జనరేటర్ పెట్టె నుంచో, ఇంజను నుంచో 750 వోల్టుల లైను పెట్టెపెట్టెకూ కేబుళ్ల ద్వారా వస్తుంది. ఏ పద్ధతిలోనూ చక్రం పట్టాను తాకే చోటుకూ దీపానికీ సంబంధం లేదు. నమూనా పెట్టెలో బ్యాటరీ లేదు, కేబుల్ లేదు. ఉన్న ఆధారమంతా తిరుగుతున్న లోహపు చక్రం, దాని కింద రవంత చోట తాకుతున్న పట్టా. అసలు రైలుకు లేని ఈ బలహీనత బొమ్మ రైలుకు పుట్టుకతోనే వచ్చింది. కాబట్టి వెతుకులాట ఇక్కడ మొదలవ్వాలి. పైకప్పు కింద ఉన్న దీపం దగ్గరికి చివర్లో వెళ్లాలి.

ఆ దారిని దగ్గరగా చూద్దాం. పెట్టె కింద ముందొకటి, వెనకొకటి చక్రాల చట్రాలుంటాయి, ఒక్కోదానికి రెండు ఇరుసులు. కుడి పట్టా ఒక ధ్రువం, ఎడమ పట్టా ఇంకో ధ్రువం కాబట్టి ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాలు విద్యుత్తు పరంగా కలవకూడదు. అందుకని చాలా పెట్టెల్లో ఒక చక్రానికి, ఇరుసుకు మధ్య సన్నటి ప్లాస్టిక్ ఉంగరం పెడతారు. రెండో చక్రం మీదుగా వచ్చిన కరెంటు ఇరుసులోకి పోతుంది. ఇరుసు కొన సూదిలా చెక్కి ఉంటుంది, అది ఇత్తడి గుంటలో తిరుగుతుంది. కొన్ని నమూనాల్లో గుంటకు బదులు ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు ఇరుసునో చక్రం వెనక భాగాన్నో ఒరుసుకుంటూ ఉంటుంది. అక్కడి నుంచి వెంట్రుక లాంటి తీగ చట్రం తిరిగే రంధ్రం గుండా పైకి పోయి, నాలుగు డయోడ్ల రెక్టిఫయర్‌కు చేరుతుంది. దాని తరువాత రెసిస్టర్, చివరికి ఎల్‌ఈడీలు. ఇన్ని మజిలీల్లో కదిలేవి, అరిగేవి, మురికి పట్టేవి అన్నీ మొదటి సగంలోనే ఉన్నాయి. రెక్టిఫయర్ దాటాక కదిలే భాగం ఒక్కటీ లేదు. దోషం దేనిలో ఉండే అవకాశం ఎక్కువో ఈ ఒక్క చూపుతోనే తెలియాలి.

చక్రం అంచుకు గుడ్డ చుట్టి ఒకసారి తిప్పితే నల్లటి జిడ్డు అంటుకుంటుంది. తాకిడి తెగినప్పుడల్లా పుట్టే సన్నటి నిప్పురవ్వలు లోహాన్ని ఆక్సైడుగా మారుస్తాయి. దానికి నూనె, దుమ్ము కలిసి పూతలా గట్టిపడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. గరుకు కాగితం పెట్టి రుద్దకూడదు, ఆ గీతల్లోనే మురికి మరింత త్వరగా పట్టుకుంటుంది. శుభ్రం చేసే తొందరలో ఇరుసును ఊడదీసి తలకిందులుగా తిరిగి పెట్టారా, ప్లాస్టిక్ ఉంగరం ఉన్న చక్రం అవతలి వైపుకు పోతుంది. చట్రం లోహపుదైతే రెండు పట్టాలూ దాని ద్వారా కలిసిపోయి షార్ట్ సర్క్యూట్ అవుతుంది, లైను మొత్తం ఆగిపోతుంది. మిణుకు పోగొట్టబోయి మొత్తం చీకటి చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసిన పొరపాటు ఇదే. ఊడదీసే ముందు మీటరుతో ఏ చక్రం ఇరుసుకు కలిసి ఉందో చూసి, చిన్న చుక్క పెట్టుకోవడం పది సెకన్ల పని.

చక్రాల సంఖ్య ఎందుకు ముఖ్యమో లెక్క వేసుకోవచ్చు. కొన్ని పెట్టెల్లో ముందు చట్రం ఒక పట్టా నుంచి, వెనక చట్రం రెండో పట్టా నుంచి మాత్రమే కరెంటు తీసుకుంటాయి. అంటే ఒక్కో ధ్రువానికి రెండే చక్రాలు. ఉదాహరణకు ఒక్కో చక్రం నూటికి పదిసార్లు తాకిడి తప్పుతుందనుకుందాం. రెండూ ఒకేసారి తప్పే అవకాశం నూటికి ఒకటి. ఎనిమిది చక్రాలూ పనిచేసేలా రేకులు అమర్చి ఒక్కో ధ్రువానికి నాలుగు చక్రాలు ఇస్తే ఆ అవకాశం పదివేలకు ఒకటికి పడిపోతుంది. నిజంలో చక్రాలు ఒకదానితో ఒకటి పూర్తిగా సంబంధం లేకుండా తప్పవు, మురికి పట్టా మీద నాలుగూ ఒక్కసారే ఇబ్బంది పడవచ్చు. అయినా దిశ మారదు. రూపాయి ఖర్చుతో చేర్చే రెండు రేకులు, ఎంత ఖరీదైన దీపపు పట్టీ అయినా చేయలేని మేలు చేస్తాయి. రేకు మరీ గట్టిగా ఒరుసుకుంటే పెట్టె బరువుగా లాగుతుంది, పది పెట్టెల రైలును ఇంజను కదల్చలేదు. అందుకే ఒత్తిడి తగుమాత్రంగా ఉండాలి. పెట్టె బరువూ సరిచూడాలి. అమెరికాలో 1935లో ఏర్పడిన నమూనా రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ హెచ్‌ఓ పెట్టెకు ఒక ఔన్సు మీద అంగుళానికి అర ఔన్సు చొప్పున బరువు ఉండాలని సూచించింది. పది అంగుళాల పెట్టెకు ఆరు ఔన్సులు, అంటే సుమారు 170 గ్రాములు. తేలిక పెట్టె పట్టా మీద ఎగురుతుంది, దీపం మిణుకుమంటుంది.

స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలున్నాయి, వీటికే చాలామంది సమయం ఇవ్వరు. దీపం ఎప్పుడు ఆరుతోంది? ప్రతి పెట్టే ఒకే చోట మిణుకుమంటే దోషం పట్టాది. అక్కడ జాయింటు వదులైందో, పాయింటు దగ్గర పట్టాలు దాటే క్రాసింగ్ ముక్క ప్లాస్టిక్‌దో అయి ఉంటుంది. ఒక్క పెట్టే అన్ని చోట్లా మిణుకుమంటే దోషం పెట్టెది. మలుపుల్లో మాత్రమే ఆరితే చట్రం తిరిగినప్పుడు బిగిసే తీగను, పక్కకు జరిగే రేకును చూడాలి. ఆ తీగ ఒంటిపోగుది అయితే తీసేసి పలుచటి పోగులున్నది వేయాలి. పెట్టెలో సగం మాత్రమే వెలిగితే అప్పుడు నిజంగా దీపపు పట్టీనే అనుమానించాలి. ఎందుకంటే 12 వోల్టుల పట్టీల్లో మూడేసి ఎల్‌ఈడీలు వరుసగా కలిసి ఒక గుంపుగా ఉంటాయి, ఒకటి తెగితే ఆ గుంపంతా ఆరుతుంది. రైలు ఒక దిశలో వెళ్లినప్పుడు వెలిగి, వెనక్కి వచ్చినప్పుడు ఆరితే పాత డీసీ పద్ధతిలో నడుస్తోందనీ, రెక్టిఫయర్ లేదనో అందులో డయోడ్ పోయిందనో అర్థం. వేగం తగ్గితే వెలుగు తగ్గి, ఆగితే ఆరిపోతే అది దోషమే కాదు. డీసీ పద్ధతిలో వేగాన్ని నడిపేదే పట్టా వోల్టేజీ కాబట్టి అలాగే జరగాలి. దోషం కానిదాన్ని బాగుచేయబోయి మంచి పెట్టెను పాడుచేసుకోవడం ఈ అభిరుచిలో సాధారణం. పట్టాల్లో ఎప్పుడూ 15 వోల్టుల మేర ఉంచి, ఆదేశాలను వేరుగా పంపే డీసీసీ పద్ధతి 1990లలో ఎన్‌ఎంఆర్‌ఏ ప్రమాణంగా స్థిరపడ్డాకే ఆగిన రైలులోనూ దీపాలు నిలిచి వెలగడం మామూలైంది.

ఇక కొలవడం. ఈ వ్యాసంలో ఒక్క పేరా మాత్రమే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. దీపం ఆరిన పెట్టెను పట్టుకుని, దీపపు పట్టీ తీగలు ఊడదీసి, ఆ కొసల మీద మల్టీమీటర్ పెడితే దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. కరెంటు వస్తోంది కాబట్టి దీపమే పోయిందని తేల్చేస్తారు. మీటరు అబద్ధం చెప్పలేదు, దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం కోటి ఓంలు. మురికి పట్టిన చక్రం దగ్గర 2,000 ఓంల నిరోధం ఏర్పడిందనుకుందాం. కోటి ఓంల ముందు అది లెక్కలోకే రాదు, మీటరు దాన్ని చూడలేదు. అదే మూడు తెల్ల ఎల్‌ఈడీల గుంపును, 150 ఓంల రెసిస్టర్‌తో, 12 వోల్టుల మీద తగిలిస్తే కథ మారుతుంది. రెక్టిఫయర్ దగ్గర 1.4, ఎల్‌ఈడీల దగ్గర 9 వోల్టులు పోగా మిగిలేది 1.6 వోల్టులు. దారి శుభ్రంగా ఉంటే సుమారు 10 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తాయి. ఆ 2,000 ఓంలు అడ్డుపడితే ఒక్క మిల్లీ యాంపియర్ కూడా రాదు, దీపం ఉందా లేదా అన్నట్టు మెరుస్తుంది. కుళాయి కట్టేసి ఉన్నప్పుడు పైపులో ఎంత చెత్త పేరుకున్నా ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పాకే ధార సన్నబడుతుంది. కాబట్టి కొలత ఎప్పుడూ దీపం తగిలించి ఉండగానే తీయాలి. ఇందులో ఇంటర్ విద్యార్థికి తెలియని సూత్రం ఒక్కటీ లేదు, అంతా ఓమ్ నియమమే. అయినా ఆ నియమాన్ని బట్టీపట్టిన వేలమంది ఈ చిన్న ఉచ్చులో పడతారు.

కొలిచే క్రమమూ ఉంది. దారి మధ్యలో ఉన్న రెక్టిఫయర్ తరువాతి రెండు కొసల మీద మొదట మీటరు పెట్టాలి. దీపం ఆరిన క్షణంలో అక్కడ వోల్టేజీ నిలబడి ఉంటే దోషం పై సగంలో ఉంది, పడిపోతే కింది సగంలో. ఒక్క కొలతతో సగం అనుమానాలు కొట్టుకుపోతాయి. డీసీసీ పట్టాల మీద నేరుగా మీటరు పెట్టి అంకెను నమ్మకూడదు. అక్కడుండేది సెకనుకు వేలసార్లు దిశ మారే చదరపు తరంగం, చవక మీటర్లు ఇంట్లోని 50 హెర్ట్జ్ సరఫరాకు తగ్గట్టు చేసినవి. పరీక్షకు జానెడు పట్టా ముక్క, 12 వోల్టుల డీసీ అడాప్టర్ ఉంటే చాలు. పెట్టెను చేత్తో మెల్లగా జరుపుతూ ఆరిన చోట ఆపాలి. మీటరు అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది కాబట్టి కదులుతున్నప్పుడు వచ్చే చిన్న కోతలు దానికి కనబడవు. తరువాత పెట్టెను పట్టా మీద నుంచి తీసి, ఓంల మీద మీటరు పెట్టి, ఒక్కో చక్రం నుంచి రెక్టిఫయర్ దాకా చూస్తూ చక్రాన్ని వేలితో తిప్పాలి. మంచి చక్రం దగ్గర అంకె ఒకటి రెండు ఓంల దగ్గర కదలకుండా ఉంటుంది, చెడ్డదాని దగ్గర ఎగిరెగిరి పడుతుంది. దోషం దొరికిపోయింది. ఏ వస్తువూ కొనలేదు.

ఇంత అవసరమా, ఒక కెపాసిటర్ పెడితే సరిపోదా అన్న అభ్యంతరం బలమైనదే. వాడుకలో ఉన్న పరిష్కారం అదే, చాలా సందర్భాల్లో అది పనిచేస్తుంది కూడా. ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం. 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 మిల్లీ యాంపియర్ల దీపాలు, దీపం మసకబారే దాకా 4 వోల్టులు దిగే వెసులుబాటు ఉందనుకుంటే, అది సుమారు సెకనులో ఐదో వంతు కాలం దీపాన్ని నిలబెడుతుంది. అసలు లోకంలో గంటకు 60 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓ కొలతలో సెకనుకు 19 సెంటీమీటర్లు. ఆ వేగంలో పెట్టె మూడున్నర సెంటీమీటర్ల చీకటి దారిని దాటేస్తుంది, పాయింటు దగ్గరి ప్లాస్టిక్ ముక్క లెక్కలోకి రాదు. అదే రైలు స్టేషన్‌లోకి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే దాటేది అర సెంటీమీటరు పైచిలుకు. అంటే చూసేవాళ్లు ఆగి కిటికీల్లోకి తొంగిచూసే క్షణంలోనే కెపాసిటర్ చేతులెత్తేస్తుంది. దాని వెనక చక్రం మురికి పెరుగుతూనే ఉంటుంది, నిప్పురవ్వలు ఆగవు. ఒక రోజు పెద్ద కెపాసిటర్ కావాలనిపిస్తుంది. పది పెట్టెల్లో పది పెడితే 4,700 మైక్రోఫారడ్‌లు. మీట వేసిన క్షణంలో అవన్నీ ఒక్కసారిగా కరెంటు లాగుతాయి, పట్టాలకు కరెంటు ఇచ్చే డీసీసీ బూస్టర్ షార్ట్ సర్క్యూట్ అనుకుని ఆగిపోతుంది. దానికి మళ్లీ ఒక్కోదానికి 100 ఓంల రెసిస్టర్, పక్కన ఒక డయోడ్ పెట్టాలి. కెపాసిటర్ వద్దనడం లేదు. పాయింటు మీది ప్లాస్టిక్ ముక్కను దాటడానికి అది న్యాయమైన ఉపాయం, 25 వోల్టులది ఎంచుకుని ధ్రువాలు సరిచూసి పెట్టుకోవాలి. చక్రాలు, రేకులు, తీగ అన్నీ కొలిచాక చివర్లో పెట్టాలి. పరీక్షించేటప్పుడు ముందు దాన్నే విప్పాలి, లేకపోతే దోషాన్ని అది మన కంట పడనివ్వదు.

ఎల్‌ఈడీలే ఈ తలనొప్పి తెచ్చాయని పాత అభిమానులు అంటుంటారు. వాళ్లు చూసింది నిజమే, చెప్పే కారణమే సరికాదు. పాత బల్బులోని తీగ వేడెక్కి వెలిగేది, కరెంటు క్షణకాలం తెగినా ఆ వేడి తగ్గేలోపు మళ్లీ అందేది. కాబట్టి చిన్న కోతలు కనబడేవి కావు. ఆ వేడికే ప్లాస్టిక్ పైకప్పులు వంగిపోయేవి. 1993లో జపాన్‌లోని నిచియా సంస్థలో షూజీ నకమూరా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని సాధించాకే తెల్ల ఎల్‌ఈడీ సాధ్యమైంది. అకసాకి, అమానోలతో కలిసి ఆయనకు 2014లో నోబెల్ వచ్చింది. ఎల్‌ఈడీ కరెంటు తెగిన క్షణమే ఆరుతుంది, వచ్చిన క్షణమే వెలుగుతుంది. ముందు నుంచీ ఉన్న దోషాన్ని అది కళ్లకు చూపిస్తోంది. చూపించేదాన్ని నిందించడం న్యాయం కాదు.

ఇంకో అభ్యంతరం, దీపపు పట్టీ చవక, మనిషి సమయం ఖరీదు. దుకాణం నడిపేవాళ్లకు ఈ వాదన సరిపోవచ్చు. ఇంట్లోనో బడిలోనో కూర్చుని నేర్చుకునేవాళ్లకు సరిపోదు, అక్కడ సమయం పెట్టేదే నేర్చుకోవడానికి. పైగా లెక్క కూడా నిలవదు. పట్టీ మార్చిన ప్రతిసారీ పైకప్పు కొక్కేలు వంగుతాయి, సన్నటి తీగ టంకం దగ్గర తెగుతుంది, పాత దోషానికి కొత్తది తోడవుతుంది. ఒకే పని మూడుసార్లు చేసిన సమయం ఒకసారి కొలిచే సమయం కంటే ఎక్కువ.

డబ్బున్నవాళ్ల సరదా గురించి మాకెందుకని సామాన్య పాఠకులు అడగవచ్చు. దిగుమతి చేసుకున్న ఇంజను వేల రూపాయలు పలుకుతుంది, కాదనను. కానీ ఈ పాఠానికి ఇంజను అక్కర్లేదు, రైలే అక్కర్లేదు. రెండు ఇత్తడి పట్టీలు, ఒక జత లోహపు చక్రాలు, నాలుగు డయోడ్లు, మూడు ఎల్‌ఈడీలు, ఒక చవక మీటరు చాలు. అదే దోషం మోటారు సైకిల్ ఇండికేటర్‌లో ఉంటుంది, పొలంలో మోటారు స్టార్టర్‌లో ఉంటుంది, ఇంటి స్విచ్‌బోర్డులో ఉంటుంది. లూజ్ కనెక్షన్ దగ్గర నిరోధం, దాని మీద పడే వోల్టేజీ, పుట్టే వేడి. లాలాగూడలో, తిరుపతిలో అసలు రైలు పెట్టెలు బాగుచేసే రైల్వే వర్క్‌షాపుల ఎలక్ట్రీషియన్లు రోజూ చేసేదీ దీని పెద్ద రూపమే. ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సులో ఈ విద్య కొంత ఉంది. సాధారణ చదువులో లేకపోవడమే లోటు.

మన రెండు రాష్ట్రాల ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మీటర్ బ్రిడ్జి ఉంది, ఓమ్ నియమం ఉంది, డయోడ్ వక్రరేఖ ఉంది. అన్నీ బాగా పనిచేసే వలయాలే. తెలిసిన ఫలితాన్ని మళ్లీ రాబట్టడమే విద్యార్థి పని, అంకె సరిగ్గా రాకపోతే పక్కవాళ్ల రికార్డు చూసి దిద్దుకోవడం అందరికీ తెలిసిన సంగతి. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి కృత్యాల్లో తప్పుగా కలిపిన వలయాన్ని గీసి సరిచేయమనేది ఒకటుంది, మీటరుతో డయోడ్ బాగుందో లేదో చూడమనేది ఇంకొకటుంది. మంచి ఆరంభమే. అయితే అక్కడ తప్పు కంటికి కనబడుతుంది, అమ్మీటర్ ఉండాల్సిన చోట వోల్ట్‌మీటర్ ఉంటుంది. కనబడని దోషం, లోడు ఉన్నప్పుడే బయటపడే దోషం అందులో లేదు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా సాయం ఇస్తున్నారు. మరో 50 వేల ల్యాబులు ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ఆ ల్యాబుల బల్లల మీద టంకం పుల్ల, మీటరు ఉంటాయి. కొత్తది తయారుచేసి ప్రదర్శనలో పెట్టడానికి ఇచ్చే విలువ, చెడినదాన్ని కారణం చెప్పి బాగుచేయడానికి ఇవ్వడం లేదు. ఇది మారాలి. ఏడాదిలో కొన్ని వారాలు చెడిన వస్తువులకే కేటాయించాలి.

తయారీదారుల మీదా ఒక బాధ్యత ఉంది. పెట్టెతో వచ్చే కాగితంలో పైకప్పు ఎలా ఊడదీయాలో, విడిభాగం నంబరేమిటో చాలా సంస్థలు ఇస్తాయి. లోపలి వలయం బొమ్మ, మంచి పెట్టెలో ఏ చోట ఎన్ని వోల్టులుండాలో చెప్పే నాలుగు అంకెలు మాత్రం అరుదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలోవి. చిన్న విద్యుత్ బొమ్మలకూ ఆ ఆలోచన విస్తరించాలి. దోషాన్ని పట్టుకోవడం పిల్లలు మొదట నేర్చుకునేది బొమ్మల దగ్గరే.

పరీక్షలో దీన్ని ఎలా దిద్దుతారన్నది ఉపాధ్యాయుల నుంచి వచ్చే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. ఓమ్ నియమం ప్రయోగానికి ఒకే జవాబు ఉంటుంది, దోషం వెతకడంలో ఒక్కొక్కరు ఒక్కో దారి పడతారు. అయినా దిద్దడం కష్టం కాదు. పది వలయాలు తయారుచేసి, ఒక్కోదానిలో ఒక చోట టేపు కింద 2,000 ఓంల రెసిస్టర్ దాచాలి, ఒకటి రెండింటిలో ఏ దోషమూ పెట్టకూడదు. విద్యార్థి ఏం చూశాడో, ఎక్కడ ఎంత కొలిచాడో, దానివల్ల దేన్ని అనుమానం నుంచి తప్పించాడో వరుసగా రాయాలి. మార్కులు ఆ వరుసకే వేయాలి. చోటు తప్పు చెప్పినా, దీపం తగిలించి ఉండగా తీసిన కొలతలు రాసి, వాటి నుంచి సబబైన నిర్ణయానికి వచ్చిన విద్యార్థికి సగానికి పైగా మార్కులు రావాలి. ఒక్క కొలత కూడా లేకుండా సరైన చోటు చెప్పిన విద్యార్థికి సున్నా వేయాలి.